స్వర్ణలత రాసిన పేజీ

శ్రావణ్‌కుమార్‌ను ఎక్కించుకున్న జీపు కొత్వాల్‌గూడ మలుపు తిరిగి కనుమరుగైంది. వచ్చినవాళ్లు వేరే రాష్ట్రం పోలీసులు. అతని పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాలోకి ఎవరెవరినో మోసం చేసిన సొమ్ము వచ్చి పడిందని, వచ్చింది వచ్చినట్టే ఎటో వెళ్లిపోయిందని వాళ్లు చెప్పారు. అసలా ఖాతా తనది కాదని, ఆ బ్యాంకు గడప ఎన్నడూ తొక్కలేదని శ్రావణ్ ఎంత మొత్తుకున్నా వినలేదు. అన్న జగదీశ్ తాను నడిపే ఎయిర్‌పోర్టు క్యాబును ఇంటి ముందు వదిలేసి, వాళ్ల వెనకాలే రైలెక్కాడు. ఇంట్లో ఆడవాళ్లే మిగిలారు. తల్లి సత్తెమ్మ, శ్రావణ్ భార్య కవిత, జగదీశ్ భార్య స్వర్ణలత.

"శ్రావణ్ ఆధార్ కార్డు ఎక్కడెక్కడ ఇచ్చిండో జర యాదికి తెచ్చుకో కవితా" అని స్వర్ణలత జీపు పోయినప్పటి నుంచి అడుగుతూనే ఉంది. కవితకు ఏడుపు తప్ప ఏదీ గుర్తు రాలేదు. ఆ పొద్దున మాత్రం చాయ గిన్నె పొయ్యి మీద పెట్టబోతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అక్కా, ఎయిర్‌పోర్టుల నౌకరీ అని ఫోన్ల ఏదో నింపిండు గద! ఆధార్ పెట్టిండు, సంతకం ఫోటో కొట్టి పెట్టిండు. ఫోన్ ముంగట తలకాయ అటు ఇటు తిప్పుమంటే తిప్పిండు. ఫోను పట్టుకున్నది నేనే."

"ఆ సైటు ఇంక ఉన్నదా?"

"ఉంటదేమో. నన్ను గుడ నింపుమని లింకు పంపిండు. ఇగో."

స్వర్ణలత తన ల్యాప్‌టాప్ తెచ్చి ముందు గదిలో మంచం మీద పెట్టింది. ఆ ఇంట్లో కంప్యూటర్ ముట్టింది ఆమె ఒక్కతే. విమానాల్లోకి భోజనం ట్రేలు సర్దే వంటశాలలో ఏళ్ల తరబడి పని చేసింది. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు పాత ఆడవాళ్లందరితో పాటు ఆమెనూ తీసేశారు. ఇంకో చోట అదే పనికి పోవడానికి మనసొప్పలేదు. శంషాబాద్‌లో పాత హైవే మీద టైర్ల దుకాణం పై అంతస్తులో గోవర్ధన్ నడిపే సెంటరు బోర్డు చూసి, భయపడుతూనే మెట్లెక్కింది. వెబ్‌సైట్లు తయారుచేయడం, వాటిని దొంగల నుంచి కాపాడుకోవడం అక్కడ మొదటి నుంచీ నేర్పుతారు.

గోవర్ధన్ కందుకూరు దగ్గరి రైతు కుటుంబం మనిషి. పెద్ద కంపెనీల్లో పని చేసి, అది మానుకుని సెంటరు పెట్టాడు. "మన పొలాల్ల ఎయిర్‌పోర్టు కట్టిండ్రు. అండ్ల ఊడిసేది మనోళ్లే, మోసేది మనోళ్లే. కంప్యూటర్ ముంగట కూసునేటోళ్లల్ల మనోళ్లు ఎందుకుండొద్దు?" అని చేరిన రోజే అడిగాడు. ఆ మాట తన కోసమే అన్నట్టు స్వర్ణలత మనసులో నాటుకుపోయింది. తెల్లటి తెర మీద తన పేరు పెద్ద అక్షరాల్లో కనబడేలా మొదటి పేజీ రాసిన రోజు ఇంటికి వచ్చి అత్తకు చూపించింది. తర్వాత రంగులు, గడులు, బటన్లు నేర్చుకుంది. గడిలో నింపిన మాట ఎక్కడికి పోతుందో, ఎక్కడ దాచిపెడతారో నేర్చుకుంది. ఆ తర్వాత వచ్చాయి భద్రత పాఠాలు. అవంటే ఆమెకు ప్రాణం.

"అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉన్నదంటే దారిల ఎవ్వడు తొంగి చూడలేడని అర్థం, గంతే. అవతల కూసున్నోడు మంచోడని కాదు" అనేవాడు గోవర్ధన్. "పేజీ ఎంత అందంగున్నదని చూడకుండ్రి. మీరు నింపింది ఎటు పోతున్నదో చూడుండ్రి."

ఇప్పుడా మాటలే మనసులో పెట్టుకుని స్వర్ణలత కవిత చూపించిన లింకు తెరిచింది. పైన నీలం ఆకాశం, ఎగిరే విమానం బొమ్మ, స్కైగేట్ అనే కంపెనీ పేరు. కింద తెలుగులో గడులు. చూడగానే ఏదో ఒకటి గుచ్చుకున్నట్టయింది కానీ అదేమిటో అంతుపట్టలేదు. నిజమైన వివరాలు ఇవ్వకూడదు కనుక ఏదో ఒక పేరు కొట్టింది. ఫోన్ నంబరులో కావాలనే ఒక అంకె వదిలేసి, కింద బటన్ నొక్కింది.

గడి కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఒక అంకె తక్కువైంది, జర చూసుకోండి."

స్వర్ణలత చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

ఆ వాక్యం ఆమెది. ఉద్యోగాల దరఖాస్తు పేజీ తయారుచేయమని గోవర్ధన్ క్లాసుకు పని ఇచ్చినప్పుడు మిగతావాళ్లంతా "తప్పు నంబరు" అనో, ఇంగ్లీషులోనో రాశారు. స్వర్ణలత ఇంట్లో మనిషితో చెప్పినట్టు ఇలా రాసింది. క్లాసంతా నవ్వింది. గోవర్ధన్ మాత్రం నవ్వలేదు. "చదివేటోనికి తన మనిషి మాట్లాడినట్టు ఉండాలె. గిట్లనే ఉంచు స్వర్ణా" అన్నాడు. ఆ పేజీనే అన్నిటిలోకీ బాగుందని మెచ్చుకున్నాడు. రంగులు మార్చి, బొమ్మ పెట్టి, కంపెనీ పేరు తగిలించారే తప్ప గడులు ఆమె పేర్చిన వరుసలోనే ఉన్నాయి.

"ఏమైందక్కా?" అంది కవిత.

"ఏం లేదు. చూస్తున్న."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఎవరైనా సెంటరు నుంచి తన పేజీని దొంగిలించి ఉండొచ్చు. ముందు అదే అనుకుంది. అనుకోవడానికి అంతకన్నా మంచిది ఏమీ దొరకలేదు. బ్రౌజర్‌లో లోపలి పని కనబడే కిటికీ తెరిచి, అంకె సరిచేసి, మళ్లీ బటన్ నొక్కింది. నింపిన వివరాలు ఎక్కడికి వెళ్తున్నాయో ఒక వరుస పైకి వచ్చింది. ఆ అడ్రసును ఆమె చూడగానే గుర్తుపట్టింది. నెలల తరబడి తన హోంవర్కు పంపిన అడ్రసది. గోవర్ధన్ సెంటరు సర్వరు.

ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది.

"నేను సార్‌ను కలిసొస్త" అని చెప్పి బయటపడింది.

ఆటోలో ఉండగా జగదీశ్ ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "వకీలు దొరికిండు. ఖాతా వేరేటోళ్లు తెరిచిండ్రని రుజువు కావాలంటున్నడు. అది లేకుంటే బెయిలు కష్టమంట. వాన్ని ఒక్కసారి చూడనిచ్చిండ్రు స్వర్ణా. చిన్నపోరని లెక్క ఏడ్సిండు."

"రుజువు చూస్తున్న. దొరుకుతది" అంది స్వర్ణలత. 

ఆమె మెట్లెక్కేసరికి పొద్దుటి బ్యాచ్ వెళ్లిపోయింది. గోవర్ధన్ ఒక్కడే కిటికీ పక్క బల్ల దగ్గర టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. కింద దుకాణంలో టైరుకు గాలి కొడుతున్న మోత నేలలోంచి వినబడుతోంది.

"రా స్వర్ణా. మీ మరిది ముచ్చట విన్న. ఏమన్న తెలిసిందా?"

ఆమె కూర్చోలేదు. ల్యాప్‌టాప్ తెరిచి అతని ముందు పెట్టింది. ఫోన్ నంబరు గడిలో ఒక అంకె తక్కువ కొట్టి బటన్ నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

గోవర్ధన్ వాటిని చదివి, డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

"ఎక్కడ దొరికింది నీకు?"

"మా శ్రావణ్ నింపింది దీంట్లనే సార్. దీంట్ల నింపినంకనే ఆయన పేరు మీద ఖాతా లేచింది. ఇది నా పేజీ. ఎవరన్న దొంగతనం చేసిండ్రా?"

ఆ ఒక్క క్షణం అతను అవునంటాడని ఆమె ఎదురుచూసింది. అవునంటే నమ్మడానికి సిద్ధంగా ఉంది కూడా.

"ఒక క్లయింటుకు డెమో ఇచ్చిన" అన్నాడు అతను మెల్లగా. "నౌకర్లిచ్చే కంపెనీ అన్నరు. మన పిల్లలు చేసిన దాంట్ల మంచిది నీదే అని నీది ఇచ్చిన. వాళ్లేం చేసుకున్నరో నాకేం ఎరుక?"

"డెమో ఇస్తే, నింపింది మన సర్వరుకు ఎందుకొస్తున్నది సార్?"

గోవర్ధన్ ఆమె వైపు చూశాడు. ఏదైనా తప్పు పట్టి చూపించినప్పుడు క్లాసులో అతని మొహంలో ఒక మెచ్చుకోలు కనబడేది. ఇప్పుడు కూడా అదే రాబోయి మధ్యలోనే ఆగిపోయింది.

"నువ్వు అది చూస్తవని అనుకోలే" అన్నాడు.

"మీరే గద చూడుమని చెప్పింది!"

ఆమె గొంతు గది నిండా వినబడింది. గోవర్ధన్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. మెట్ల వైపు తొంగి చూసి వచ్చాడు.

"ఆ ఫోల్డరు తెరువుండ్రి" అంది స్వర్ణలత. "నింపినోళ్లయి ఎక్కడ పడుతున్నయో అది నాకు చూపెట్టుండ్రి. లేకుంటే ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కు పోత."

అతను తన కంప్యూటర్ ముందు కూర్చుని తెరిచాడు. తెర మీద పేర్లు వచ్చాయి. కిందికి జరుపుతుంటే వస్తూనే ఉన్నాయి. ఒక్కో పేరుకు ఒక్కో ఫోల్డరు. ఒక్కో ఫోల్డరులో ఆధార్ కార్డు, సంతకం, తలకాయ అటూ ఇటూ తిప్పిన చిన్న వీడియో. మామిడిపల్లి అమ్మాయి ఒకతె ఇంటి గోడకు ఆనుకుని నిలబడింది. పక్కన ఎవరో నవ్విస్తున్నారేమో, నవ్వు ఆపుకుంటోంది. ఎవరో పెద్దాయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కొందరు నుదుట బొట్టు పెట్టుకుని మరీ కూర్చున్నారు. మంచి పనికి కూర్చున్నట్టే కూర్చున్నారు అందరూ.

శ్రావణ్ కూడా ఉన్నాడు. అన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. భుజాల దగ్గర వదులుగా ఉంది. తల కుడివైపు తిప్పమంటే ముందు ఎడమవైపు తిప్పి, నాలుక కరుచుకున్నాడు. వెనక నుంచి కవిత నవ్వు వినబడింది. స్వర్ణలత ఆ వీడియో చివరిదాకా చూడలేకపోయింది.

"ఎన్నొద్దుల నుంచి ఎరుక మీకు?"

"మొదట్ల తెల్వదు. ఒట్టు స్వర్ణా, తెల్వదు. ఎవరో ఒకాయన ఫోన్ చేసి, తన పేరు మీద సిమ్ము లేచిందని ఏడ్సిండు. అప్పుడు ఎరుకైంది. ఆపేస్త అన్న వాళ్లతోని. నవ్విండ్రు. ఆపితే మీ సెంటరు మీదికే వస్తది అన్నరు. ఇగ నోరు మూసుకున్న."

"మీరు చెప్పిన పాఠాలన్ని అబద్ధమేనా మరి?"

"పాఠం అబద్ధం కాదు" అన్నాడు గోవర్ధన్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాఠం ఒక్కటే సక్కగ చేసిన."

ఆ నీళ్లు చూసి స్వర్ణలత కోపం కాస్త సడలింది. అదే ఆమె చేసిన పొరపాటు. ఆ గదిలో ఆమె ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుంది. అర్థం కాక ఏడుపు వచ్చిన రోజున ఒకే పాఠాన్ని ఓపికగా మళ్లీ మళ్లీ చెప్పిన మనిషి అతను. ఒక్క పూటలో అతన్ని పూర్తిగా చెడ్డవాడిగా చూడటం ఆమెకు చేతకాలేదు.

"ఇంకొకటి నీకు తెల్వాలె" అన్నాడు అతను. మరో పేజీ తెరిచి ఆమె వైపు తిప్పాడు. సైటు ఎవరి పేరు మీద కొన్నారో చూపించే పేజీ అది. అందులో యజమాని పేరు ఉంది. స్వర్ణలత, కొత్వాల్‌గూడ. కింద ఆమె ఫోన్ నంబరు.

"నువ్వు ప్రాక్టీసు చేసుకునేటందుకు సర్వరు తెరుస్తున్న, ఓటీపీ చెప్పుమన్నప్పుడు చెప్పినవ్, యాదికున్నదా? వాళ్లు నా పేరు మీద వద్దన్నరు. చదువుకునేటోళ్ల పేర్ల మీద పెట్టుమన్నరు. నీ ఒక్కదానిదే కాదు."

యాదికి ఉంది. ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దని పాఠం చెప్పిన రోజుకు కొద్దిగా ముందు. సార్ అడిగితే వేరే ఆలోచన లేకుండా ఫోన్ తీసి చదివి వినిపించింది. శ్రావణ్‌కు జరిగింది తనకు అంతకు ముందే జరిగిందన్నమాట.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.  కింద దుకాణంలో ఎవరో బోల్టులు బిగిస్తున్నారు. 

"పోలీసులకు చెప్దాం" అంది చివరికి. "నా పేరుంటే ఉండనీయుండ్రి. జరిగింది చెప్దాం."

"చెప్దాం. ఇద్దరం కలిసే పోదాం. రేపు పొద్దుగాల. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చిండ్రు, ఏం తీసుకపోయిండ్రు, అదంత సర్వర్ల ఉంటది. రాత్రికల్ల తీసిపెడత. ఉత్త చేతుల్తోని పోతే ముందు నిన్నే పట్టుకుంటరు."

ఆమె ఫోన్ తీసి తెర మీది ఫోల్డర్ల వరుసకు ఫోటో తీయబోయింది.

"వద్దు స్వర్ణా" అన్నాడు గోవర్ధన్. "అవి జనం ఆధార్ కార్డులు. నీ ఫోన్లకు రావొద్దు. అడగకుండ ఒకల వివరాలు మన దగ్గర ఉంచుకోవద్దు. నేను చెప్పిన మొదటి పాఠమే అది."

నిజమే. ఆమె ఫోన్ దించేసింది.

అప్పుడే జాబితా పైన ఇంకో పేరు వచ్చి చేరింది. ఎవరో ఒక అమ్మాయి, శంషాబాద్ అమ్మాయే, ఆ నిమిషంలోనే ఫోన్ పట్టుకుని వివరాలు నింపుతోంది. ఫోల్డరులో ఆధార్ వచ్చింది. సంతకం వచ్చింది. వీడియో ఇంకా రాలేదు.

"మూసెయ్యుండ్రి!" అంది స్వర్ణలత. "సైటు ఇప్పుడే మూసెయ్యుండ్రి సార్. ఇంకొక్కలు పడొద్దు."

"మూస్తే వాళ్లకు అనుమానమొస్తది."

"రానియ్యుండ్రి. మూసెయ్యుండ్రి."

గోవర్ధన్ కొంచెం ఆలోచించి, మూసేశాడు. స్వర్ణలత తన ల్యాప్‌టాప్‌లో పేజీని మళ్లీ తెరిచి చూసుకుంది. ఏమీ రాలేదు. ఆ అమ్మాయి ఎవరో తెలియదు కానీ, ఆమె వరకైనా ఆగిందని గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. ఇంటి మీదుగా విమానం ఒకటి చక్రాలు దించుకుని వెళ్తోంది. సత్తెమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కవిత బట్టలు మడతపెడుతోంది. శ్రావణ్‌వి అన్నీ ఒకవైపు పెట్టింది.

చెప్పకుండా ఉండొచ్చు. రేపు స్టేషన్‌లో ఎలాగూ తెలుస్తుంది. కానీ కవితకు ఆ మాట పోలీసుల నోట వినబడకూడదని దారంతా అనుకుంటూనే వచ్చింది స్వర్ణలత. వాళ్ల ముందు కింద కూర్చుని, మొదటి నుంచి అంతా చెప్పింది. పేజీ తను రాసిందని చెప్పింది. సైటు తన పేరు మీద ఉందని చెప్పింది.

సత్తెమ్మ చేతులు ఆగాయి. "గీ కంప్యూటర్ ముచ్చట్లు నాకు తెల్వయి బిడ్డా" అంది. "ఒక్కటి చెప్పు. నా కొడుకు వస్తడా, రాడా?"

"వస్తడత్తమ్మా. నేను పోయి చెప్పినంక వస్తడు."

 కవిత చేతిలోని చొక్కాను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఆ ఎర్రక్షరాలు నువ్వే రాసినవా?"

"నేనే."

"మీ మరిది ఫోన్ నంబరు తప్పు కొట్టిండు ఆనాడు. అప్పటిదాంక నమ్మబుద్ధి గాలే ఆయనకు. ఆధార్ అడుగుతున్నరు, సంతకం అడుగుతున్నరు, వద్దులే అని ఫోన్ పక్కన పెట్టబోయిండు. గప్పుడు ఆ ఎర్రక్షరాలు వచ్చినయి. చూసి నవ్విండు." కవిత గొంతు ఎక్కడా వణకలేదు. "మన మాటల రాసిండ్రు కవితా, లోపల మనోళ్లే ఎవరో ఉన్నరు, అన్నడు. అన్నంకనే అంతా నింపిండు."

  కవిత బట్టలు తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. ఈనెలు తీసిన చిక్కుడుకాయలు చేటలోనే ఉండిపోయాయి.

తెల్లవారి స్వర్ణలత గోవర్ధన్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. సెంటరు సర్వరులోకి వెళ్లబోతే ఆమె పాస్‌వర్డు పనిచేయలేదు. అప్పటికీ ఆమె అతన్ని అనుమానించలేదు. ఆ స్కైగేట్ మనుషులు అతన్ని ఏమైనా చేశారేమోనని భయపడింది. ఇక ఆగకూడదనుకుని సంచి భుజాన వేసుకుంది. గడప దాటుతుంటే వెనక చెప్పుల చప్పుడు వినబడింది. కవిత కొంగు సరిచేసుకుంటూ వస్తోంది.

"నేను గుడ వస్త" అంది. 

సైబర్ నేరాలు చూసే స్టేషన్‌లో ఎస్సై పేరు ప్రేమలత. నడివయసు మనిషి. ఓపికగానే వింది. స్వర్ణలత చెబుతున్నంత సేపూ మధ్యలో అడ్డు రాలేదు. చెప్పడం అయిపోయాక, తన ముందున్న ఫైలు తెరిచి ఒక కాగితం మీద వేలు పెట్టింది.

"గోవర్ధన్ గారు నిన్న సాయంత్రమే వచ్చి వెళ్లారమ్మా."

"సార్ వచ్చిండా? ఒక్కడే వచ్చిండా మేడం?"

"తన సెంటర్లో చదువుకునే స్వర్ణలత అనే ఆమె సర్వరును దొంగచాటుగా వాడుకుని నకిలీ సైటు నడిపిందని రాసిచ్చారు. పేజీ ఆమె రాసిందేనని, సైటు ఆమె పేరు మీదే ఉందని కాపీలు కూడా జతపరిచారు."

స్వర్ణలత కుర్చీ ముందుకు లాక్కుంది. "అట్ల కాదు మేడం. జనం ఫోటోలు, కార్డులు అన్నీ ఆయన కంప్యూటర్ల నేను చూసిన. ఇంకోలు మోసపోవద్దని సైటు నేనే మూయించిన."

"అది కూడా రాశారు" అంది ప్రేమలత. కాగితం మీదికి వంగి చదివింది. "సంగతి బయటపడేసరికి సెంటరుకు వచ్చి, ఆధారాలు లేకుండా అంతా మూసేయమని తనను ఒత్తిడి చేసిందని." తలెత్తింది. "మేం పొద్దున చూశాం. సర్వరులో ఇప్పుడేమీ లేదు. మూయమన్నది మీరేనని ఇప్పుడు మీ నోటితోనే చెప్పారు."

స్వర్ణలత నిన్న దించేసిన ఫోన్ సంచిలోనే ఉంది. అందులో ఒక్క ఫోటో కూడా లేదు.

ఎస్సై కవిత వైపు తిరిగింది. "మీరు?"

"శ్రావణ్‌కుమార్ భార్యను."

"ఈమెకు ఏమవుతారు?"

"ఏరాలు. మా బావ భార్య."

"ఒకే ఇంట్లో ఉంటారా? మీ ఆయన కార్డులు, ఫోను ఈమె చేతికి అందే చోటే ఉండేవా?"

"ఒకటే ఇల్లు" అంది కవిత.

ప్రేమలత పెన్ను బల్ల మీద పెట్టి, గొంతు కాస్త తగ్గించింది. "చూడమ్మా. అసలు మనిషి ఇక్కడ దొరికిందని మేం రిపోర్టు పంపితే, అక్కడ మీ ఆయనకు బెయిలు రావడం చాలా తేలికవుతుంది. అలాగని నేను మీతో ఏదీ చెప్పించను. మీకు తెలిసిందే రాయండి. కానీ ఒకసారి రాసి సంతకం పెట్టాక, కాదనడం అంత సులువు కాదు. ఈమె చెప్పింది నిజమని మీరు అనుకుంటున్నారా?"

స్వర్ణలత తలెత్తి కవితను చూసింది. నిన్నటి నుంచి తన ముందు ఏడవని ఆ కళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ఆ చూపులో ఏముందో ఆమెకు తెలియలేదు. బతిమాలాలనిపించింది. శ్రావణ్ నాలుక కరుచుకున్న మొహం గుర్తొచ్చి, ఆ మాట గొంతులోనే ఆపుకుంది.

"ఒక కాయితం ఇయ్యుండ్రి మేడం" అంది కవిత. "రాసిస్త."

ప్రేమలత తెల్ల కాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపింది. కవిత కొంగుతో అరచెయ్యి తుడుచుకుని, బల్ల మీదికి వంగి రాయడం మొదలుపెట్టింది. స్వర్ణలత కూర్చున్న చోటు నుంచి అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నాయి. మొదటి వరుసలో తన పేరొక్కటే ఆమె పోల్చుకోగలిగింది.